సీసాలో ఏముంది?

1981 జనవరి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, హ్యూస్టన్ నగరం. ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి.

జబ్బు బాగా ముదిరిపోయిన ఒక క్యాన్సర్ రోగికి డాక్టర్ జోర్డన్ గట్టర్‌మన్ బృందం కండలోకి సూది వేసింది. సీసాలో ఉన్నది మనిషి ఒంట్లో తయారయ్యే ప్రోటీనే. తయారుచేసింది మాత్రం ఈ-కోలై అనే బాక్టీరియా. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి, దాని చేత చేయించిన ఇంటర్‌ఫెరాన్‌ను మనిషికి ఎక్కించడం అదే మొదలు.

అంతకు రెండున్నరేళ్ల ముందు నుంచే ఆ ఆసుపత్రిలో ఇంటర్‌ఫెరాన్ వాడుతున్నారు. అది ఫిన్లాండ్ నుంచి వచ్చేది. రక్తదాతల తెల్లకణాల్లోంచి తీసిన సరుకు. అది పడిన కొన్ని గంటలకే రోగికి చలి పుట్టేది, వణుకు వచ్చేది, జ్వరం కాసేది, ఒళ్లంతా పచ్చిపుండయ్యేది. వైద్యుల్లో చాలామంది దానికి ఒక కారణం చెప్పుకున్నారు. ఆ సీసాలో అసలు ఇంటర్‌ఫెరాన్ నూటికి ఒక పాలు కూడా లేదు. మిగతాదంతా తెల్లకణాల నుంచి కొట్టుకొచ్చిన ఏవేవో ప్రోటీన్లు. జ్వరం వాటి పనే అయివుండాలి. కల్తీ లేని సరుకు చేతికొచ్చిన రోజున ఈ బాధ ఉండదు.

ఇప్పుడు కల్తీ లేని సరుకు చేతికొచ్చింది. సూది పడింది. మంచం పక్కన నర్సు గంట గంటకూ జ్వరం చూసి చార్టులో రాస్తోంది.

చలి మొదలైంది. జ్వరం వచ్చింది.

ఆ తొలి పరీక్షలో మొత్తం 16 మంది రోగులు. ఒకరి తర్వాత ఒకరి చార్టులో అదే కథ. మందు తయారుచేసిన వాళ్లకు అది నిరాశే. కానీ ఈ పదార్థం చరిత్ర తెలిసినవాళ్లు ఆ చార్టులో ఇంకొకటి కూడా చదివి ఉంటారు. అసలు ఇలాంటి పదార్థమే లేదని పాతికేళ్లుగా వాదిస్తున్నవాళ్లున్నారు. ఉన్నా అది ఒక వస్తువు కాదు, పది మురికి వస్తువుల కలగాపులగమన్నవాళ్లున్నారు. ఒకే ఒక్క ప్రోటీన్, శుద్ధమైనది, మనిషి ఒంట్లోకి వెళ్లి జ్వరం తెచ్చింది. ఫ్లూ వచ్చినప్పుడు మనల్ని మంచాన పడేసే చలీ ఒళ్లునొప్పులూ అన్నీ వైరస్ చేసినవే కావని, వైరస్ మీదికి మన కణాలు విడిచే ఇంటర్‌ఫెరాన్‌కూ అందులో వాటా ఉందని తేలింది.

ఈ జవాబు కోసం ఒక మనిషి ఆరోగ్యం ధారపోశాడు. ఇంకొక మనిషి ఒక దేశం రక్తాన్నంతా వడగట్టాడు.

* * *

1956 వేసవి. లండన్ ఉత్తరపు కొసన మిల్ హిల్ అనే గుట్ట. దాని మీద రాగి కప్పుతో పెద్ద భవనం, బ్రిటన్ జాతీయ వైద్య పరిశోధన సంస్థ. అందులో అలిక్ ఐజాక్స్ అనే 35 ఏళ్ల గ్లాస్గో డాక్టరు ఫ్లూ వైరస్‌ల మీద పనిచేస్తున్నాడు. స్విట్జర్లాండ్ నుంచి జాన్ లిండెన్‌మన్ అనే యువకుడు ఏడాది ఫెలోషిప్ మీద వచ్చాడు. ఒకరోజు టీ తాగుతూ మాటల్లో పడ్డారు. ఇద్దరి బుర్రనూ తొలుస్తున్నది ఒకటే ప్రశ్న అని అప్పుడు తెలిసింది.

ఆ ప్రశ్న కొత్తది కాదు. 1937లోనే ఫిండ్లే, మక్కాలమ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కోతుల్లో ఒక వింత చూశారు. రిఫ్ట్ వ్యాలీ జ్వరం వైరస్ ఎక్కించిన కోతులు, వాటిని చంపవలసిన ఎల్లో ఫీవర్‌ను తట్టుకుని బతికాయి. ఒక వైరస్ ముందే చేరితే రెండోదానికి తలుపు తెరుచుకోదు. చచ్చిన వైరస్ కూడా ఈ పని చేస్తుందని తర్వాత తెలిసింది. ఐజాక్స్ స్వయంగా మెల్‌బోర్న్‌లో మాక్‌ఫార్లేన్ బర్నెట్ దగ్గర ఉన్నప్పుడు ఇదే విషయం మీద పనిచేశాడు. ఎలా జరుగుతోందో మాత్రం ఎవరికీ అంతుబట్టలేదు. మొదటి వైరస్ తలుపుకు అడ్డం పడుతోందా? లేక లోపలికి వెళ్లి ఏదైనా చేస్తోందా?

సెప్టెంబరు 4న ప్రయోగాలు మొదలయ్యాయి.

కావలసిన సామాను మన వంటింట్లో ఉండేదే, కోడిగుడ్డు. పొదిగిన గుడ్డును పది పదకొండు రోజులకు పగలగొడితే పెంకు లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది. నెత్తుటి నాళాలు అల్లుకున్న పొర అది. ఫ్లూ వైరస్ దాని మీద చక్కగా పెరుగుతుంది. ఆ పొరను ముక్కలుగా కోసి ఉప్పునీటి ద్రావణం ఉన్న గాజు గొట్టాల్లో వేశారు. ఫ్లూ వైరస్‌ను 56 డిగ్రీల దగ్గర గంటసేపు కాచి చంపి, ఆ గొట్టాల్లో కలిపారు. మూడు గంటల తర్వాత ముక్కలు బయటికి తీసి, అంటుకున్న వైరస్ పోయేలా కడిగారు. కొత్త ద్రావణంలో వేసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచారు.

మర్నాడు ఆ ముక్కలను తీసేసి ద్రావణం ఒక్కటే ఉంచుకున్నారు. ఇప్పుడు అందులో గుడ్డు ముక్క లేదు, వేసిన వైరస్ దాదాపుగా లేదు. ఆ ద్రావణంలో మరో గుడ్డు నుంచి తీసిన తాజా పొరలు వేశారు. వాటికి వైరస్ సంగతే తెలియదు. ఒక రోజు ఆగి, ఈసారి బతికున్న ఫ్లూ వైరస్‌ను వదిలారు.

వైరస్ పెరగలేదు.

మొదటి పొరలు ద్రావణంలోకి ఏదో విడిచిపెట్టాయి. ఆ ఏదో రెండో పొరలను కాపాడింది. అది వైరస్ కాదని నిర్ధారించడానికి వాళ్లు చేయని పరీక్ష లేదు. వైరస్‌ను అడుగున దించే వేగంతో తిప్పితే అది అడుగుకు దిగలేదు. ఫ్లూ వైరస్‌ను కట్టిపడేసే యాంటీబాడీలు కలిపితే దాని జోరు తగ్గలేదు. 1957లో రాయల్ సొసైటీ పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది. ఆ పదార్థానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రోటీన్లను ఇప్పుడు సైటోకైన్లంటున్నాం. వాటిలో మనిషి చేతికి మొదట చిక్కినది ఇదేనని చాలామంది శాస్త్రజ్ఞుల మాట.

ఇక్కడ ఇద్దరు జపాన్ శాస్త్రజ్ఞుల గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. యాసుయిచి నగానో, యాసుహికో కొజిమా టోక్యోలో కుందేళ్ల చర్మం మీద మశూచి టీకా వైరస్‌తో ఇదే దారిలో నడిచారు. వైరస్‌ను అడ్డుకునే పదార్థం ఒకటుందని 1954లోనే ప్రకటించారు. వాళ్ల వ్యాసాలు ఒక ఫ్రెంచి పత్రికలో, ఫ్రెంచి భాషలో వచ్చాయి. చదివినవాళ్లు తక్కువ. పాఠ్యపుస్తకాల్లో వాళ్ల పేర్లు ఇప్పటికీ ఒక మూలనే ఉంటున్నాయి. ముందు చూసినవాడికి దక్కాల్సింది దక్కలేదన్నది నా గట్టి అభిప్రాయం.

1957 అంటే ఆసియా ఫ్లూ ప్రపంచాన్ని చుట్టేసిన ఏడాది. అది మన దేశంలోకి మద్రాసు రేవు మీదుగానే వచ్చింది. మిల్ హిల్‌లోని ప్రపంచ ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం బాధ్యత ఐజాక్స్‌దే. ఏ వైరస్‌నైనా ఆపే మందు దొరికిందన్న ఆశ ఎంత వేగంగా పాకిందో ఊహించవచ్చు. పెన్సిలిన్ బాక్టీరియాకు ఎలాగో ఇది వైరస్‌కు అలా అన్నారు. 1960లో ఫ్లాష్ గోర్డన్ బొమ్మల కథలో అంతరిక్ష యాత్రికుల ప్రాణాలు కాపాడింది కూడా ఇంటర్‌ఫెరానే.

చేతిలో ఉన్నది మాత్రం కాస్త మురికి నీరు. ఐజాక్స్ దగ్గర డెరెక్ బర్క్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధి చేయడానికి కూర్చున్నాడు. ఎంత వడగట్టినా, ఎంత చిక్కబరిచినా, చివరికి తూకానికి ఏమీ మిగిలేది కాదు. పనిచేస్తోందని తెలుస్తుంది, కంటికి కనపడదు. తూచలేని పదార్థాన్ని రసాయన శాస్త్రం ఎలా ఒప్పుకుంటుంది? అమెరికాలో కొందరు దానికి వెక్కిరింపు పేర్లు పెట్టారు. వేరే ప్రయోగశాలల్లో ప్రయోగం ఒకసారి కుదిరితే ఒకసారి కుదరలేదు. 1962లో బ్రిటన్‌లో వాలంటీర్ల చర్మం మీద కోతి కణాల ఇంటర్‌ఫెరాన్ మశూచి టీకా వైరస్‌ను ఆపగలిగింది. అంతకుమించి ముందుకు వెళ్లడానికి సరుకు లేదు.

ఐజాక్స్‌ను అంతకుముందు నుంచే మానసిక కుంగుబాటు పీడిస్తోంది. 1964లో మెదడులో రక్తస్రావమైంది. తేరుకుని మళ్లీ ప్రయోగశాలకు వచ్చాడు. 1967 జనవరిలో కన్నుమూశాడు. 45 ఏళ్లు. తను కనిపెట్టినదాన్ని ఒక్క మిల్లీగ్రామైనా శుద్ధంగా చూడకుండానే వెళ్లిపోయాడు.

* * *

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ. అక్కడ కారీ కాంటెల్ అనే వైరస్ శాస్త్రజ్ఞుడు 1963 ప్రాంతంలో ఒక నిర్ణయం తీసుకున్నాడు. అందరూ ఉందా లేదా అని వాదించుకుంటున్నారు కదా, నేను తయారుచేస్తాను, చాలినంత తయారుచేస్తాను అని.

మనిషికి మనిషి ఇంటర్‌ఫెరానే బాగా పనిచేస్తుంది. మరి మనిషి కణాలు ఎక్కడ దొరుకుతాయి? రక్తదాన కేంద్రంలో. దాత ఇచ్చిన రక్తాన్ని వేగంగా తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి, పసుపు రంగు ప్లాస్మా పైకి తేలుతుంది. ఆ రెంటి మధ్య పాల మీద మీగడ కట్టినట్టు తెల్లటి పొర ఒకటి పల్చగా నిలుస్తుంది. తెల్లకణాలు ఉండేది అందులోనే. ఎర్రకణాలకు గిరాకీ ఉంది, ప్లాస్మాకు గిరాకీ ఉంది. ఈ పొరను పారబోసేవాళ్లు. కాంటెల్ దాన్ని అడిగాడు. ఫిన్లాండ్ రెడ్‌క్రాస్ రక్త సేవా విభాగాన్ని నడుపుతున్న హారీ నెవన్లిన్నా సరేనన్నాడు.

పొరతోపాటు వచ్చిన ఎర్రకణాలను అమ్మోనియం క్లోరైడ్‌తో పగలగొట్టేవారు. మిగిలిన తెల్లకణాలను పెద్ద ఫ్లాస్కుల్లో గోరువెచ్చగా ఉంచి సెండాయ్ వైరస్‌ను వదిలేవారు. ఎలుకలకు జబ్బు చేసే వైరస్ అది. దాన్ని చూసిన తెల్లకణాలు రాత్రికి రాత్రి ఇంటర్‌ఫెరాన్ విడిచేవి. తెల్లారి కణాలను వడగట్టి పారేసి ద్రవం ఉంచుకునేవారు. అందులో ఇంకా బతికున్న వైరస్‌ను ఏం చేయాలి? ఘాటైన ఆమ్లం కలిపితే వైరస్ చస్తుంది, ఇంటర్‌ఫెరాన్ చెక్కుచెదరదు. ఆ తర్వాత పొటాషియం థయోసయనేట్‌తో ఒకసారి, చల్లటి ఆల్కహాల్‌తో ఒకసారి విడదీసి చిక్కబరిచేవారు.

ఇలా ఏళ్ల తరబడి. 1970లు గడిచేదాకా ప్రపంచంలో వైద్యానికి వాడిన మనిషి తెల్లకణాల ఇంటర్‌ఫెరాన్‌లో ఎక్కువ భాగం ఆ ఒక్క ఊరి నుంచే వెళ్లింది. లెక్క చూడండి. అప్పట్లో రోగికి ఒక మోతాదు 30 లక్షల యూనిట్లు. వినడానికి కొండంత సంఖ్య. కానీ శుద్ధమైన ఇంటర్‌ఫెరాన్ ఒక మిల్లీగ్రాములో 20 కోట్లకు పైగా యూనిట్లుంటాయి. అంటే రోగికి అందింది పదిహేను మైక్రోగ్రాములు, అంతే. సన్నటి ఇసుక రేణువు ఒక్కటంత. ఆ కాస్త కోసం కూడా దాతల రక్తమే కావాలి.

కాంటెల్ తన పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. ఎవరొచ్చి అడిగినా దాచకుండా నేర్పాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద మాట ఇదే. ఆయన తాళం వేసి ఉంటే ఇకముందు చెప్పబోయే ఘట్టాల్లో సగం జరిగి ఉండేవి కావు.

స్వీడన్‌లో హాన్స్ స్ట్రాండర్ అనే డాక్టరు ఈ సీసాలను ఎముకల క్యాన్సర్ వచ్చిన పిల్లలకు, యువకులకు వాడాడు. 1970ల మొదట్లో, స్టాక్‌హోమ్‌లో. శస్త్రచికిత్స తర్వాత ఈ మందు తీసుకున్నవాళ్లు ఎక్కువమంది నిలదొక్కుకున్నారనిపించింది. కానీ పోల్చింది పాత రోగుల రికార్డులతో, కాబట్టి ఫలితం గట్టిదా కాదా అన్న వాదన తేలలేదు. న్యూయార్క్‌లో మథిల్డే క్రిమ్ అనే శాస్త్రజ్ఞురాలు ఆ వార్త పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినంత పనిచేసింది, సమావేశాలు పెట్టింది, డబ్బున్నవాళ్లను కూడగట్టింది. 1978లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 20 లక్షల డాలర్లు ఇచ్చింది. అప్పటిదాకా ఆ సంస్థ ఒకే పనికి అంత ఇచ్చింది లేదు. ఆ డబ్బులో పెద్ద భాగం హెల్సింకీ సరుకు కొనడానికే.

1980 మార్చి 31 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రం ఇంటర్‌ఫెరాన్. అద్భుతం వచ్చేస్తోందన్న వాతావరణం. సరుకు చూస్తే కొద్దిమందికే సరిపోతుంది. బిడ్డ ప్రాణం కోసం, భార్య ప్రాణం కోసం ఎక్కడికైనా ఫోను చేసే మనుషులకు ఆ ముఖచిత్రం ఏం చేసి ఉంటుందో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. వైద్య వార్త రాసే ప్రతివాళ్లూ ఆ సంచికను ఒకసారి చూడాలి.

* * *

అప్పటికే జ్యూరిక్‌లో ఇంకో దారి తెరుచుకుంది.

చార్లెస్ వైస్‌మన్ అక్కడి విశ్వవిద్యాలయంలో అణుజీవశాస్త్రజ్ఞుడు. 1978లో పుట్టిన బయోజెన్ కంపెనీ స్థాపకుల్లో ఒకడు. ఇంటర్‌ఫెరాన్ తయారుచేయమని కణానికి చెప్పే జన్యువును పట్టుకుని, బాక్టీరియాలో పెట్టాలన్నది పథకం. బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. రక్తం అక్కరలేదు.

చిక్కల్లా జన్యువును వెతకడంలోనే. ఆ ప్రోటీన్ నిర్మాణం అప్పటికి పూర్తిగా తెలియదు. కాంటెల్ ప్రయోగశాలలో సెండాయ్ వైరస్ చూపించిన తెల్లకణాలను, అవి ఇంటర్‌ఫెరాన్ చేస్తున్న గంటల్లోనే గడ్డకట్టించి జ్యూరిక్ పంపారు. వాటిలోంచి ఆర్‌ఎన్‌ఏ తీశారు. ఆ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసి, ముక్కలు ముక్కలుగా వేల బాక్టీరియాల్లోకి ఎక్కించారు. ఒక్కో బాక్టీరియాలో ఒక్కో ముక్క. వీటిలో కావలసింది ఎక్కడుంది?

జపాన్ నుంచి వచ్చిన షిగెకాజు నగాతా అనే యువ పరిశోధకుడు నెలల తరబడి ఆ వెతుకులాటలో మునిగాడు. వందలకొద్దీ బాక్టీరియా వరుసలను కలిపి ఒక గుంపు చేస్తారు. ఆ గుంపు డీఎన్‌ఏకు తెల్లకణాల ఆర్‌ఎన్‌ఏలో ఏది అతుక్కుంటుందో దాన్ని మాత్రం వేరు చేస్తారు. అలా వేరైన ఆర్‌ఎన్‌ఏను ఆఫ్రికా కప్ప గుడ్డు కణంలోకి గాజు సూదితో ఎక్కిస్తారు. ఆ గుడ్డు కణం అడ్డంగా మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. ఏ ఆర్‌ఎన్‌ఏ ఇస్తే ఆ ప్రోటీన్ చేసిపెట్టడం దాని గుణం. అది విడిచిన ద్రవాన్ని మనిషి కణాల మీద పోసి, వైరస్‌ను వదులుతారు. కణాలు బతికాయా, ఆ గుంపులో జన్యువు ఉన్నట్టు. ఆ గుంపును చిన్న గుంపులుగా విడగొట్టి మళ్లీ మొదటి నుంచి. కప్ప, సూది, కణాలు, వైరస్.

1979 డిసెంబరు చివరికి, క్రిస్మస్ పండగ వేళకు, ఫలితం తేలింది. జన్యువు దొరకడమే కాదు, ఆ బాక్టీరియాలను నూరి తీసిన సారం మనిషి కణాలను వైరస్ నుంచి కాపాడింది. ఒక్కో బాక్టీరియాకు ఒకటి రెండు అణువులకు మించి లేదు. అయినా అది ఉంది. 1980 జనవరి 16న బోస్టన్‌లో విలేకరుల ముందు ప్రకటించారు. బయోజెన్‌లో వాటా ఉన్న షెరింగ్-ప్లౌ కంపెనీ షేరు ఎగిరింది.

టోక్యోలో తదత్సుగు తనిగుచి మరో రకం ఇంటర్‌ఫెరాన్ జన్యువును అప్పటికే పట్టుకున్నాడు. దాన్నే ఇప్పుడు బీటా అంటున్నాం, తెల్లకణాలదాన్ని ఆల్ఫా అంటున్నాం. అమెరికాలో రోష్ సంస్థకు చెందిన సిడ్నీ పెస్ట్కా బృందం తెల్లకణాల ఇంటర్‌ఫెరాన్‌ను చివరికి శుద్ధి చేసి దాని అమైనో ఆమ్లాల వరుస చదవడం మొదలుపెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర జెనెన్‌టెక్‌లో డేవిడ్ గోడెల్ అదే వరుస ఆధారంగా జన్యువును పట్టి, బాక్టీరియా చేత దండిగా చేయించాడు. హ్యూస్టన్‌లో సూదిలోకెక్కింది ఆ జెనెన్‌టెక్, రోష్ సరుకే.

మిల్ హిల్‌లో ఓడిపోయి లేచిన డెరెక్ బర్క్ గుర్తున్నాడు కదా. ఆయనా వదల్లేదు. 1980లోనే డేవిడ్ సెచర్‌తో కలిసి, ఇంటర్‌ఫెరాన్‌ను మాత్రమే పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీ ఒకటి తయారుచేశాడు. దాన్ని గొట్టంలో కూరి మురికి ద్రవం పోస్తే ఒక్క దెబ్బకు వేల రెట్లు శుద్ధమైంది. మొదలుపెట్టిన రెండు దశాబ్దాలకు ఆయన ఆ సరుకును తూచగలిగాడు. ఐజాక్స్ ఉంటే అప్పటికి 59 ఏళ్లు.

* * *

1981 వసంతంలో హెల్సింకీలో కాంటెల్ ప్రయోగశాలకు ఆరుగురు క్యూబా శాస్త్రజ్ఞులు వచ్చారు. అంతకుముందు ఏడాది హ్యూస్టన్ ఆసుపత్రి మాజీ అధ్యక్షుడు లీ క్లార్క్ హవానా వెళ్లి ఫిడెల్ కాస్ట్రోకు ఇంటర్‌ఫెరాన్ సంగతి చెప్పాడు. కాస్ట్రో వెంటనే మనుషుల్ని పంపాడు. అమెరికా ఆంక్షల కింద ఉన్న దేశం. కాంటెల్ అవేమీ చూడలేదు. పద్ధతంతా దగ్గరుండి నేర్పి పంపాడు. వాళ్లు హవానాలో 149వ నంబరు ఇంటిని ప్రయోగశాల చేసుకుని, 42 రోజుల్లో తెల్లకణాల నుంచి ఇంటర్‌ఫెరాన్ తీశారు. అదే సమయానికి క్యూబాను డెంగీ ముంచెత్తింది. మూడున్నర లక్షల దాకా కేసులు, 158 మరణాలు, చనిపోయినవాళ్లలో 101 మంది పిల్లలు. కొత్తగా తీసిన మందును ఆ డెంగీ రోగుల మీదే వాడి చూశారు. ఈ రోజు క్యూబాకు ఉన్న బయోటెక్నాలజీ అంతా ఆ ఇంట్లో మొదలైంది.

క్యాన్సర్‌లో మాత్రం ఆశించిన అద్భుతం రాలేదు. చాలా రకాల కణితుల మీద అది ఓడిపోయింది. గెలిచిన చోట గట్టిగా గెలిచింది. హెయిరీ సెల్ లుకేమియా అనే అరుదైన రక్తపు క్యాన్సర్ ఉంది. 1984లో హోర్హే కెసాడా అనే డాక్టరు, హ్యూస్టన్‌లోనే, ఏడుగురు రోగులకు ఇచ్చి చూస్తే ఏడుగురికీ గుణం కనిపించింది. 1986 జూన్‌లో ఆ జబ్బుకే బాక్టీరియా ఇంటర్‌ఫెరాన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది.

అదే ఏడాది జే హూఫ్‌నాగల్ అనే డాక్టరు మరో దిక్కు చూశాడు. ఏ వైరస్‌దో తెలియని కాలేయవాపు ఒకటి అప్పట్లో రోగులను పట్టిపీడించేది. ఏ కాదు, బీ కాదు అని తప్ప దానికి పేరు కూడా లేదు. పదిమందికి ఇంటర్‌ఫెరాన్ ఇస్తే ఎనిమిదిమందికి కాలేయం పరీక్షలు మెరుగుపడ్డాయి. మూడేళ్ల తర్వాత, 1989లో, దోషి దొరికింది. హెపటైటిస్ సీ వైరస్. శత్రువు మొహం తెలియకముందే మందు దాన్ని తాకింది.

ఆ తర్వాత పాతికేళ్లు హెపటైటిస్ సీ రోగులకు ఇదే దిక్కయింది. ఆరు నెలలో ఏడాదో సూదులు. వారం వారం జ్వరం, నీరసం, జుట్టు రాలడం, కొందరికి చచ్చిపోవాలనిపించేంత దిగులు. అయినా తట్టుకుని వేయించుకున్నారు. మన దగ్గర ఆ సూదులన్నీ దిగుమతివే అయిన రోజుల్లో, హైదరాబాద్ శివారులో ప్లాంటున్న శాంతా బయోటెక్నిక్స్ 2002లో షాన్‌ఫెరాన్ తెచ్చింది. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన కె.ఐ. వరప్రసాద్‌రెడ్డి తల్లి పేరున పెట్టిన కంపెనీ అది. 1997లో హెపటైటిస్ బీ టీకాను దేశంలోనే తయారుచేసి ధర నేలకు దించింది వాళ్లే. ఆ తర్వాత సోఫోస్‌బువిర్ మాత్రలొచ్చాయి, సూదుల బాధ తీరింది. ఆ మాత్రలను చవగ్గా చేసిన కంపెనీల్లో హైదరాబాద్ నాట్కో, హెటిరో ఉన్నాయి.

* * *

మందుగా దాని రోజులు తగ్గాయి. ప్రయోగశాలలో పెరిగాయి.

ఇప్పుడు పరిశోధకులకు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా చిటికెన వేలంత సీసాలో వస్తుంది. అడుగున అంటీ అంటనట్టు తెల్లటి పొడి, కొన్ని మైక్రోగ్రాములు. ఒక్కోసారి కంటికి ఆనదు కూడా. మూత తీసేముందు సీసాను తిప్పి పొడిని అడుగుకు దించాలి, లేకపోతే మూతకే అంటుకుని పోతుంది. శుభ్రమైన నీటిలో కరిగించి, చిన్న చిన్న భాగాలు చేసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతారు. కరిగించడం గడ్డకట్టించడం పదే పదే చేస్తే దాని శక్తి పోతుంది. లేబుల్ మీద బరువుతోపాటు యూనిట్లుంటాయి. ఆ యూనిట్లు కొలిచేది 96 గుంటల ప్లాస్టిక్ పళ్లెంలో. గుంటల్లో మనిషి ఊపిరితిత్తుల కణాలు పరిచి, ఇంటర్‌ఫెరాన్‌ను రెండింతలు రెండింతలుగా పలచబరుస్తూ వేసి, వైరస్‌ను వదిలి, చివర ఊదారంగు అద్దకం పోస్తారు. బతికిన కణాలున్న గుంటలు ముదురు ఊదాగా ఉంటాయి, చచ్చినవి తెల్లబోతాయి. సగం రంగు ఎక్కడ మిగిలిందో అక్కడ ఒక యూనిట్.

శుద్ధమైన సీసా ఉండబట్టే న్యూయార్క్‌లో జేమ్స్ డార్నెల్, లండన్‌లో జార్జ్ స్టార్క్, ఇయాన్ కెర్ 1990ల మొదట్లో ఇంకో పెద్ద చిక్కుముడి విప్పారు. ఇంటర్‌ఫెరాన్ కణం లోపలికి వెళ్లదు. బయటి గ్రాహకానికి తగులుతుంది. లోపలి వైపున జాక్ అనే ఎంజైములు మేలుకుంటాయి, స్టాట్ అనే ప్రోటీన్లకు కబురు అందుతుంది, అవి నేరుగా కేంద్రకంలోకి వెళ్లి వందల జన్యువులను లేపుతాయి. ఒకటి వైరస్ ఆర్‌ఎన్‌ఏను తుంపే కత్తెరను తెస్తుంది. ఒకటి కణంలో ప్రోటీన్ల తయారీనే ఆపేస్తుంది. మిల్ హిల్ నుంచి జ్యూరిక్ వెళ్లిన లిండెన్‌మన్, ఫ్లూ అంటని ఒక జాతి ఎలుకల్లో పట్టుకున్న ఎమ్‌ఎక్స్ జన్యువు కూడా వాటిలో ఒకటి. శరీరంలోని ఇంకెన్నో కబుర్లు ఇదే తీగ మీద నడుస్తాయని తర్వాత తెలిసింది. కీళ్లవాతానికి ఈ రోజు డాక్టర్లు రాసే టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ మాత్రలు పనిచేసేది జాక్ మీదే.

2020 వచ్చింది. అదే వయసు, అదే ఊరు, ఒకరికి కొవిడ్ జలుబులా వచ్చిపోయింది, ఇంకొకరిని వెంటిలేటర్ మీదికి తోసింది. ఎందుకు? పారిస్, న్యూయార్క్‌లలో పనిచేసే జాన్-లారాన్ కాజనోవా బృందం ప్రాణం మీదికి వచ్చిన 987 మంది రోగుల రక్తాన్ని తెప్పించింది. ప్లాస్మాలో కొంచెం ఇంటర్‌ఫెరాన్ కలిపి కణాల మీద వేసి, అది ఇంకా పనిచేస్తోందో లేదో చూశారు. 101 మంది ప్లాస్మాలో పనిచేయలేదు. వాళ్ల ఒంట్లోనే తమ ఇంటర్‌ఫెరాన్‌ను కట్టిపడేసే యాంటీబాడీలున్నాయి, జబ్బు రాకముందు నుంచే. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. జబ్బు తేలిగ్గా పోయిన, లేదా లక్షణాలే లేని 663 మందిని పరీక్షిస్తే ఒక్కరిలోనూ అవి లేవు.

మరుసటి ఏడాది ఇంకా పెద్ద లెక్క వచ్చింది. డెబ్బై దాటిన ఆరోగ్యవంతుల్లో కూడా నూటికి నలుగురి దాకా ఈ యాంటీబాడీలు మోస్తున్నారు. కొవిడ్ మరణాల్లో దాదాపు ఐదో వంతు వీటి వల్లేనని అంచనా వేశారు. వయసుతోపాటు అవి ఎందుకు పెరుగుతున్నాయి, మగవాళ్లలోనే ఎందుకు ఎక్కువ అన్నదాని మీద ఇప్పుడు పని నడుస్తోంది.